కానుకల పళ్ళెంలో కత్తి

"ఓబులేసును సంపినావా?"

"లేదు."

"శుక్రవారం సాయంత్రం పెన్నేటి కాడికి పోయినావా?"

"పోయినా."

"చేతిలో కత్తి ఉండెనా?"

"ఉండె."

"కత్తి యాలకు తీసుకపోయినావు నాయనా?"

"సంపేదానికే."

ఆ జవాబు విని జమ్మలమడుగు పోలీసు స్టేషన్లో కాపలా ఉన్న కానిస్టేబులు తుపాకీ జారవిడవబోయి పట్టుకున్నాడు. డిటెక్టివ్ అబ్దుల్ సత్తార్ మాత్రం లాకప్ ముందు వేసిన స్టూలు మీద నుంచి కదలలేదు. నస్యం డబ్బీ తీసి, చిటికెడు పీల్చి, తుమ్ము వచ్చేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు అడిగాడు.

"సంపేదానికి పోయినావు, సంపలేదు. మరి ఓబులేసు ఏమైనాడు?"

కటకటాల వెనక దేవసహాయం తల దించుకున్నాడు. అక్కడితో ఆ నోటికి తాళం పడింది. ఎన్ని రకాలుగా అడిగినా ఆ తాళం ఊడలేదు.

సత్తారుకు ఇది వింతగా తోచింది. పోలీసు ఉద్యోగం వదిలి ప్రొద్దుటూరులో ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు కట్టినప్పటి నుంచీ ఆయన ఎందరో అబద్ధాలకోరులను చూశాడు. వాళ్ళంతా ఉరి వేసే మాటను దాచి, విడిపించే మాటను ముందు చెబుతారు. ఈ కుర్రాడు ఉరి వేసే మాటను గబగబా ఒప్పుకుని, తనను విడిపించే మాటను దాస్తున్నాడు. ఎవరి కోసం?

కేసు చూడబోతే చాలా తేలిక. ఎనిమిదేళ్ళ కిందట పులివెందులలో మిషను బడి నడుపుతున్న జీవరత్నం మాస్టరును ఓబులేసు అనే మిల్లు కూలీ పొడిచి చంపాడు. తాగిన మత్తులో పొడిచానని తానే ఒప్పుకుని జైలుకు పోయాడు. మద్రాసు రాష్ట్రంలో ఉండగా పడిన శిక్ష ఆంధ్రప్రదేశ్ వచ్చాక ముగిసింది. మొన్న శుక్రవారం కడప జైలు నుంచి బయటికి వచ్చి, సాయంత్రం బస్సుకు జమ్మలమడుగులో దిగి, ఏటి ఒడ్డున ఉన్న క్రైస్తవుల పాలెం వైపు నడిచాడు. ఆ తర్వాత అతన్ని చూసినవాడు లేడు. శనివారం తెల్లారి ఒడ్డు మీద అతని తలగుడ్డ దొరికింది, నిండా రక్తంతో. భర్త పోయినప్పటి నుంచీ జీవరత్నం భార్య సువార్తమ్మ ఆ పాలెంలోనే కాపురం ఉంటోంది. ఆమె ఒక్కగానొక్క కొడుకే ఈ దేవసహాయం.

"ఇంకేం కావాలండీ సాయిబుగారూ?" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భుజంగరావు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి. ఆయనది కాకినాడ. బదిలీ మీద వచ్చి ఆరు నెలలైనా, సీమలో కొడవళ్ళూ కక్షలూ తప్ప ఇంకేమీ పండదని ఆయన గట్టి నమ్మకం. "బస్సు ఎన్నింటికొస్తుందని వాకబు చేసిందీ వీడే, కత్తి పట్టుకెళ్ళిందీ వీడే. నెత్తి పగలగొట్టి శవాన్ని ఏట్లోకి తోసేశాడు. ఆ కత్తొక్కటీ దొరికితే చార్జిషీటు రాసేస్తాను. మీ ప్రాంతంలో ఇది రోజూ జరిగే తంతేగా!"

సత్తారుకు చురుక్కుమంది. కడప జిల్లాను తాను ఎన్నైనా తిట్టుకుంటాడు గానీ, కాకినాడ నోటి నుంచి వినడం ఆయన వల్ల కాదు.

"మా సీమలో సంపినోడు మీసం మెలేసి సంపినానంటాడు సార్. లేదు అన్యాడంటే ఆ మాటకు శానా బరువు ఉంటాది. ఇంకొక్కసారి ఆ ఇల్లు చూద్దాం పదండి."

"వెతికిన ఇల్లే కదండీ!"

"మీరు వెతికినారు. నేను చూస్తా."

మూలన కుర్చీలో కూర్చున్న వీరభద్రప్ప నవ్వాడు. పులివెందులలో వేరుశనగ మిల్లు ఆయనది. ఓబులేసు ఒకప్పుడు ఆయన దగ్గర పనిచేసినవాడే. "నా ఉప్పు తిన్నోడు, శవమైనా దొరికితే మర్యాదగా సాగనంపుతా" అంటూ కారు వేసుకుని ప్రొద్దుటూరు వచ్చి ఈ కేసు అప్పగించింది ఆయనే. "జిల్లాలో నీయంత బుర్ర ఇంకోనికి లేదంట గదప్పా" అని కూడా అన్నాడు. ఆ మాట రెండు రోజులుగా సత్తారు చెవిలో తీయగా మోగుతూనే ఉంది.

"పద సత్తార్ సాబ్, నేనూ వస్తా," అన్నాడు వీరభద్రప్ప.

*

సువార్తమ్మ ఇల్లు చర్చి గోడకు ఆనుకుని ఉంది. ఒక గది, ఒక వసారా, వెనక కాస్త పెరడు. ఆమె గడపలోనే నిలబడి ఉంది. బక్కపలచని మనిషి, నెరిసిన జుట్టు, తెల్లచీర. పోలీసులను చూసి పక్కకు తప్పుకోలేదు. వాళ్ళు అడిగాక తప్పుకుంది.

"ఇదిగో, ఇది చూడండి," అని భుజంగరావు లాఠీతో గోడకున్న కొయ్యను చూపించాడు.

కొయ్య ఖాళీగా ఉంది. దాని కింద సున్నం గోడ మీద చొక్కా ఆకారంలో ఒక తెల్లని జాగా, చుట్టూ పొగచూరిన నలుపు.

సత్తారుకు వివరం చెప్పనక్కర్లేదు. ఆయన ఈ మట్టిలో పుట్టినవాడే. హత్య జరిగిన ఇళ్ళల్లో చచ్చినవాడి ఒంటి మీది చొక్కాను ఉతకరు. నెత్తుటి మరకలతో అట్లాగే గోడకు తగిలిస్తారు. కొడుకు పొద్దున లేస్తే దాన్ని చూడాలి, పడుకోబోయే ముందు దాన్ని చూడాలి. పగ తీరేదాకా అది దిగదు. ప్రార్థనలు చేసే ఇల్లైనంత మాత్రాన తాతల నాటి ఆచారం ఒక్కరోజులో వదులుతుందా? తల్లి మొత్తుకున్నా వినకుండా దేవసహాయం తండ్రి చొక్కాను ఎనిమిదేళ్ళు ఆ కొయ్యకే ఉంచాడని పాలెమంతా ఎరుగుదురు.

"పగ తీరింది, చొక్కా దిగింది," అన్నాడు భుజంగరావు. "ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

సత్తారు పెరట్లోకి నడిచాడు. పొయ్యి మీద ఒక పెద్ద కుండ బోర్లించి ఉంది. దాన్ని ఎత్తి లోపల వేలు పెట్టి గీకాడు. తెల్లటి చవుడు మట్టి గోటికి అంటింది. చాకళ్ళు మొండి మరకలకు వాడే మట్టి అది.

"అమ్మా, ఆ చొక్కా ఎప్పుడు ఉతికినావు?"

"శనివారం," అంది సువార్తమ్మ.

"ఎనిమిదేండ్లు ఉతకంది, శనివారం యాలకు ఉతికినావు?"

"దాని పొద్దు వచ్చింది, ఉతికినా."

సత్తారు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఆయన గొంతులో అప్పటికే గెలుపు వినిపిస్తోంది. "విన్నారా సార్? పగ తీరితే ఆ చొక్కాను కాల్చి బూడిద ఏట్లో కలుపుతారు. ఇది మా ఆచారం. చవుడేసి ఉడకబెట్టి మరీ ఉతికినారంటే ఎవురో ఒకరు తొడుక్కునేదానికి. ఎవురు తొడుక్కున్యారు?"

సువార్తమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"చొక్కాలు ఉతకడం కూడా నేరపరిశోధనేనా?" భుజంగరావుకు ఒళ్ళు మండింది. ఆ మంట సత్తారు మీద చూపించలేక ఆమె మీద చూపించాడు. "ఇంకో సంగతి వినండి. తండ్రి పోయినప్పటి నుంచీ ఈ కుర్రాడు చర్చిలో సంస్కారపు రొట్టె ముట్టలేదట. మొన్న ఆదివారం మాత్రం అందరి ముందూ లేచెళ్ళి తీసుకున్నాడట. మనిషిని చంపిన చేత్తో దేవుడి రొట్టె! ఏం భక్తమ్మా మీది?"

అంతసేపూ నెమ్మదిగా ఉన్న సువార్తమ్మ కొంగు బిగించి ఆయన ఎదుటికి వచ్చింది.

"నోరు అదుపులో పెట్టుకో సార్. ఆ రొట్టె పంచే మా బల్ల సంగతి నీకేం ఎరుక? మనసులో పగ పెట్టుకున్నోడు ఆ బల్ల కాడికి రాకూడదు. అందుకే నా కొడుకు ఎనిమిదేండ్లు గుడిలో వెనక చాప మీద ఒక్కడే కూచున్యాడు. దొంగతనంగా వచ్చి తినలేదు. రావల్లంటే ముందు పగోని కాడికి పోవల్ల, అయ్యగారు చూస్తాండంగ చేయి కలపల్ల. ఆ మీదనే రొట్టె. నా కొడుకు ఊరికే..."

ఆమె చప్పున ఆగిపోయింది. పెదవి కరచుకుంది. కానీ మాట దాటిపోయింది.

సత్తారు తలలో దీపం వెలిగింది. అటువంటి సమయంలో తెలివైనవాడు నోరు మూసుకుంటాడు. సత్తారు తెలివైనవాడే. అయితే ఎదురుగా కాకినాడ ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, గుమ్మంలో తనను పొగిడిన మిల్లు యజమాని ఉన్నాడు. ఆయన ఆగలేకపోయాడు.

"ఓబులేసు సచ్చిపోలేదు సార్!" అన్నాడు ఇల్లంతా మోగేలాగా. "ఆదివారం పొద్దున దేవసహాయం రొట్టె తీసుకున్యాడు. అంటే అంతకు ముందే పాదిరయ్య ఎదురుగా పగోనితో చేయి కలిపినాడు. శవంతో చేయి ఎట్ల కలుపుతాడు? శుక్రవారం సచ్చినాడని మీరు రాసుకున్న మనిషి ఆదివారం బతికే ఉండాడు. ఈ పాలెంలోనే ఉండాడు!"

"కోర్టులో రొట్టెముక్క వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"పాదిరయ్య చెప్తాడు."

"ఆయన నిన్న కడప వెళ్ళాడు. నేనూ కనుక్కున్నానండీ." భుజంగరావు టోపీ సర్దుకున్నాడు. "సాయంత్రంలోగా మనిషిని చూపించండి. చూపిస్తే ఈ టోపీ తీసి మీకు సలాం కొడతాను. లేకపోతే రేపు చార్జిషీటు రాస్తాను."

"టోపీ తీసేది ఇప్పుటి నుంచే అలవాటు చేసుకోండి సార్."

భుజంగరావు జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. వీరభద్రప్ప మాత్రం గుమ్మంలోనే నిలబడి తాంబూలం నమలడం ఆపాడు. మొహంలో నవ్వు లేదు.

"డొక్కలో పోటు తిన్నోడు ఎంత దూరం పోతాడులే అప్పా," అన్నాడు మెల్లగా. "ఈ చుట్టుపక్కలనే ఉంటాడు. నువ్వు నిదానంగా వెతుకు. నాకు ఊర్లో మనుషులతో చిన్న పని ఉంది, చూసుకోనొస్తా."

గెలిచిన మత్తులో ఉన్న సత్తారు ఆ మాటను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు.

*

కారు చప్పుడు దూరమయ్యాక సత్తారు వసారాలో కూర్చుని నీళ్ళు అడిగాడు. సువార్తమ్మ చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, సూటిగా అడిగాడు.

"అమ్మా, నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు. అందుకే ఒకే ప్రశ్న. ఓబులేసు యాడుండాడు?"

ఆమె చేతులు కొంగును మెలిపెడుతున్నాయి.

"నీ కొడుకు ఉరికొయ్య కిందికి పోతాండాడమ్మా. ఆ మనిషిని చూపిస్తే ఈ పొద్దే బయటికొస్తాడు. నోరు తెరువు."

"నా కొడుకును విడిపించుకోవల్లంటే నాకు నిమిషం పని," అంది ఆమె. "సాయంత్రం దాకా ఓర్చుకో బిడ్డా, నోరు తెరవొద్దు అని వానికి చెప్పింది నేనే. అయ్యగారు కడప నుంచి మేజిస్ట్రేటును పిలుచుకోనొస్తాండాడు. ఆ మనిషి వాంగ్మూలం ఇచ్చేదాకా ఈడ ఉండేది ఎవురికీ తెలియగూడదు. ఇంగ దాచి ఏం లాభం? నా నోరే నన్ను పట్టిచ్చె. రా, చూపిస్తా."

ఆమె పెరటి దడి దాటి చర్చి వెనక గదికి తీసుకుపోయింది. పాదిరి అంగీలు వేసుకునే చిన్న గది అది. కింద ఈతచాప మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. నిజానికి ముసలితనం కాదు, జైలు చేసిన పని. ఒంటి మీద ఉతికి మడతపెట్టిన వాసన పోని పాత చొక్కా. గుండె దగ్గర కత్తి దిగిన చోట దారంతో కుట్టిన కుట్లు. ఎంత ఉడకబెట్టినా పోని లేత గోధుమరంగు మరక.

జీవరత్నం నెత్తుటి మరక, ఆ నెత్తురు తీసినవాడి ఒంటి మీదే ఉంది.

సత్తారు తన తల మీది టోపీ తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు.

"వీనికి తొడిగేదానికి ఇంట్లో వేరే చొక్కా లేదు," అంది సువార్తమ్మ మామూలుగా. "ఉన్నా ఇదే తొడిగేదాన్నేమో."

"ఎట్ల తొడిగినావమ్మా? నీ చేతులు ఎట్ల వచ్చినాయి?"

"రాలేదప్పా. శనివారం దాన్ని ఉతుకుతాంటే నా చేతులు వాని గొంతు మీదికి పోవల్లని చూసినాయి. క్షమించేది ఒకనాటితో అయిపోయే పని అనుకున్యావా? ఈ పొద్దు పొద్దున కూడా లేస్తూనే మళ్ళీ మొదట్నుంచి చేసినా. రేపూ చేయల్ల." ఆమె తల పైకెత్తింది. "ఒకటి మాత్రం విను. చేతకాక వదిలిపెట్టినామని ఎవురూ అనుకోకూడదు. నా కొడుకు చేతిలో కత్తి ఉండె. పగోడు కాళ్ళ కాడ పడి ఉండె. చూసేవాడు ఒక్కడు లేడు. అయినా పొడవకుండా బుజాన వేసుకోని మోసుకొచ్చినాడు. ఈ తాలూకాలో అంత మగోణ్ణి ఇంకొకణ్ణి చూపించు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కొడుకు లాకప్పులో ఉన్న తల్లిలాగా లేదు. కొడుకు పట్టాభిషేకం చూస్తున్న తల్లిలాగా ఉంది.

ఓబులేసు కళ్ళు తెరిచాడు. "నిజం సారూ. నిజం చెప్పి కాళ్ళ మీద పడదామనే ఈయమ్మ కాడికి వస్తాంటి. ఏటి కాడ ఇద్దరు పొడిచినారు. అడుగుల సద్దు విని పారిపోయినారు. ఆ వచ్చింది మాస్టరు కొడుకే. కత్తి ఎత్తినాడు. పొడుసు నాయనా, నీకు హక్కుంది అన్యా. శానాసేపు అట్లే నిలబడుకోనుండె. ఆ మీద ఏడుసుకుంటా నన్ను ఎత్తుకున్యాడు." ఆయాసంతో ఆగాడు. "ఆదివారం అయ్యగారి ముందర చేయి పట్టుకున్యాడు. చేయి వణుకుతాండె సారూ. నాది గాదు, ఆయప్పది."

మంచం లేని ఆ గదిలో ఒక మూల పీట మీద ఇత్తడి కానుకల పళ్ళెం ఉంది. అందులో భుజంగరావు మూడు రోజులుగా వెతుకుతున్న కత్తి ఉంది. ఆదివారం అందరూ అణాలూ బేడలూ వేసే పళ్ళెంలో దేవసహాయం వేసిన కానుక అది.

"పోటు యాడ తగిలింది?" అడిగాడు సత్తారు.

ఓబులేసు చొక్కా పైకి ఎత్తాడు. కుడి డొక్కలో గుడ్డల కట్టు. "తలగుడ్డ ఇప్పి అదిమి పట్టుకుంటి. మోసుకొచ్చేటప్పుడు యాడనో జారిపోయింది."

దొరికింది తలగుడ్డ. ఇన్‌స్పెక్టరు మొదలుకుని పాలెంలో పిల్లల దాకా అందరూ నెత్తి పగిలిందనే అనుకున్నారు. డొక్కలో పోటు అన్నవాడు ఒక్కడే. ఇందాక గుమ్మంలో నిలబడి అన్నాడు.

"ఆ ఇద్దరినీ పంపింది వీరభద్రప్ప!" అన్నాడు సత్తారు.

"ఎనిమిదేండ్ల కిందట నా చేతికి కత్తి ఇచ్చిందీ ఆయప్పే," అన్నాడు ఓబులేసు. "మిల్లు యంత్రంలో పడి ఒక ఆడకూలీ సచ్చిపోయింది. ఆ కేసులో జీవరత్నం మాస్టరు సాక్షి. తాగి పొడిచినానని చెప్పు, నీ పెండ్లాం బిడ్డల్ని నేను సాకుతా అన్యాడు. నేను లోపలికి పోయిన ఏడాదికే వాండ్లను తరిమినాడు. ఈ పొద్దుటికీ యాడుండారో తెలీదు."

"అప్పా, ఇప్పుడు తెలిసెనా మేము స్టేషనుకు యాలకు పోలేదో?" అంది సువార్తమ్మ. "ఆయప్ప ఆడనే కుర్చీ వేసుకోని కూచోనుండె."

సత్తారుకు తన తప్పు తెలిసొచ్చింది. జిల్లాలో తన అంత బుర్ర లేదని పొగిడినవాడు తనను వేటకుక్కలాగా వాడుకున్నాడు. తాను కూడా కుక్కలాగే మొరిగి, దాక్కున్న మనిషి జాడ చెప్పేశాడు. ఓబులేసు చావలేదనీ, ఈ పాలెంలోనే ఉన్నాడనీ, ఆ హంతకుడి మొహం మీదే కేక పెట్టి చెప్పాడు. అబద్ధం ఆడడం చేతకాని తల్లీకొడుకులు నాలుగు రోజులు కాపాడిన ప్రాణాన్ని తన గొప్ప ఒక్క క్షణంలో అమ్మేసింది.

బయట కారు ఆగింది. ఇందాక వెళ్ళిన కారే. తలుపులు మూడు సార్లు కొట్టుకున్నాయి.

సత్తారు కిటికీ సందులోంచి చూశాడు. వీరభద్రప్ప, వెనక ఇద్దరు మనుషులు. చేతుల్లో గోనెపట్టా చుట్టిన కొడవళ్ళు. ఇంటి వైపు చూసి, అక్కడ ఎవరూ లేకపోయేసరికి చర్చి వైపు తిరిగారు.

ఆయన ఒక్క అంగలో మూలకు పోయి పళ్ళెంలోని కత్తి మీద చేయి వేశాడు. ఆ చేతి మీద ఇంకో చేయి పడింది.

"దాన్ని ముట్టొద్దు అప్పా. అది దేవునికి ఇచ్చేసింది. ఇచ్చిన కానుక మళ్ళీ ఎత్తుకోరాదు."

"అయితే వాండ్లను దేనితో ఆపుతావమ్మా?"

"నువ్వు పోయి గుడి గంట తాడు పట్టుకో. వారం నడుమ గంట మోగితే పాలెమంతా వస్తాది. వాండ్లు వచ్చేదాకా నేను మాట్లాడతాంటా."

గడియ వేయడానికి పోతుందనుకున్నాడు సత్తారు. ఆమె పోయి గుడి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. సత్తారు రెండు చేతులతో తాడు పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. పైన గంట ఖంగుమంది.

"రా వీరభద్రప్పా," అంది సువార్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి. గంట మోతలో కూడా ఆమె మాట ఒక్కొక్కటీ స్పష్టంగా వినిపించింది. "నువ్వు సంపిచ్చిన మనిషి పెండ్లాన్ని నేను. నువ్వు పొడిపిచ్చినోడు లోపల ఉండాడు, నా మొగుని చొక్కా తొడుక్కోని. అన్నీ చెప్పినాడు. నీ మింద చేయెత్తేవాళ్ళు ఈడ ఎవురూ లేరు, భయపడాకు. మా గుడిలో వెనక ఒక చాప ఉంది. పగ పోనోళ్ళు కూచునే చాప. ఎనిమిదేండ్లు నా కొడుకు కూచున్యాడు. మొన్న ఆదివారం ఖాళీ అయింది. ఆ కొడవండ్లు బయట పెట్టి, వచ్చి కూచో."

వెనకున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు అడుగు వెనక్కి వేశాడు.

వీరభద్రప్ప వేయలేదు. వాడి చేతిలో నుంచి కొడవలి లాక్కుని, గోనెపట్టా విప్పి పారేసి, గుడి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

సత్తారు గంట కొడుతూనే ఉన్నాడు. పాలెంలో తలుపులు ఒకటొకటిగా తెరుచుకుంటున్నాయి.